‘వెల్లడించారు’ అనవచ్చా?

సందేహం: 2003 ఇరాక్ యుద్ధం మీద వ్యాసం రాస్తూ ‘ఇరాక్ దగ్గర జీవరసాయన ఆయుధాలు ఉన్నట్లు అమెరికా విదేశాంగ మంత్రి పావెల్ వెల్లడించారు’ అన్నాను. ‘వెల్లడించారు’ తప్పంటున్నాడు మా అబ్బాయి. ‘చెప్పారు’ అన్నా అర్థం అదే కదండీ? ‘ఆయుధాలు లేవని ఆ ఫిబ్రవరిలోనే బ్లిక్స్ తేల్చారు’ అన్న వాక్యానికీ అడ్డు చెప్పాడు.

సమాధానం: రెండుచోట్లా అబ్బాయి మాటే సరైనది. దాగిన నిజం ఒకటుంటేనే వెల్లడించడం కుదురుతుంది. ‘చెప్పారు’ అంటే మాటా పూచీ రెండూ పావెల్‌వే. ‘వెల్లడించారు’ అన్నారో, పూచీ మీ నెత్తిన పడుతుంది.

అంత పూచీ పడదగ్గ ప్రసంగమా అది? ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో ఆయన చిన్న సీసా ఎత్తి పట్టుకుని ఆంత్రాక్స్ గురించి మాట్లాడారు. లారీల్లో తిరిగే ప్రయోగశాలలంటూ తెర మీద వేసినవి గీయించిన బొమ్మలు. వాటికి ముఖ్య ఆధారం ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఇరాకీ శరణార్థి మాటలు. అవి కల్పించి చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు. ఇలాంటివాటికి ఇంట్లో మనం ‘ఉన్నాయట’ అనేసి ఊరుకుంటాం. వ్యాసంలో ఆ ‘ట’ వెటకారంగా వినిపిస్తుంది, వద్దు.

ఇక బ్లిక్స్ సంగతి. ‘ఉన్నట్లు తేలలేదు’ వేరు, ‘లేవని తేలింది’ వేరు. ఐక్యరాజ్యసమితి తనిఖీ బృందం పెద్దగా ఫిబ్రవరి 14న ఆయన చెప్పింది మొదటిది: కొన్ని ఖాళీ రసాయన గుండ్లు తప్ప ఆయుధాలేవీ దొరకలేదు, చాలావాటికి లెక్కలూ తేలలేదు, అంతమాత్రాన అవి ఉన్నాయనుకోకూడదు అని. నిల్వలు లేవన్న మాట యుద్ధం తర్వాత, 2004లో, అమెరికా పంపిన సర్వే బృందం నివేదికలో వచ్చింది. పత్రికల్లో ఈ రెండూ కలిసిపోవడం నేను తరచూ చూస్తుంటాను.

అలాగని ప్రతిదానికీ ‘ఆరోపణ’ తగిలించకండి. 1988 మార్చిలో ఇరాక్‌లోని హలబ్జా పట్టణంలో సద్దాం సైన్యం కుర్దుల మీద విషవాయువు ప్రయోగించింది. అక్కడ ‘ప్రయోగించినట్లు ఆరోపణ’ అని రాస్తే వేలమంది చావునే శంకించినట్టవుతుంది.

‘జీవరసాయన’ అనే జంటమాటను కూడా విడదీయండి. ఆంత్రాక్స్ కలిగించేది సూక్ష్మజీవి, సారిన్ విష రసాయనం.

‘ఇరాక్ దగ్గర జీవ, రసాయన ఆయుధాలు ఉన్నాయని పావెల్ ఆరోపించారు’ అంటే సరిపోతుంది. మధ్యలో ‘నిరాధారంగా’ అని చేర్చకండి. ఆధారాలంటూ కొన్ని చూపించారు, అవి నిలవలేదు. ఆ ముక్క తర్వాతి వాక్యంలో రాయండి.