ఈఓజీలో (కంటి చుట్టూ ఎలక్ట్రోడ్లు అంటించి కంటి కదలికల వోల్టేజ్ రికార్డు చేసే పద్ధతి) రెప్పపాట్లు లెక్కపెట్టాలంటే ఎన్ని మైక్రోవోల్టుల థ్రెషోల్డ్ (సిగ్నల్ ఇది దాటితే రెప్పపాటు అనే హద్దు) పెట్టాలి?

ఆ అంకె కోసం వెతకడం ఆపెయ్యండి. ఒకరికి 150 దగ్గర ఆగిపోయే రెప్పపాటు ఇంకొకరికి 400 దాటుతుంది. ఎలక్ట్రోడ్ స్టిక్కర్ కాస్త కిందికి జరిగినా మారిపోతుంది. లైట్లు ఆర్పి పది పదిహేను నిమిషాలు కూర్చోబెడితే అదే మనిషికి ఎత్తు తగ్గుతుంది. కార్నియాకీ (కంటి ముందు పొర) రెటీనాకీ (కంటి వెనక పొర) మధ్య వోల్టేజే చీకట్లో పడిపోతుంది మరి.

చూడాల్సింది ఎత్తు కాదు, ఆకారం. మా ల్యాబ్‌లో ఒక జూనియర్‌కి కంటి పైనా కిందా స్టిక్కర్లు అంటించి స్క్రీన్ మీద పాఠం చదవమన్నాం. చదివేటప్పుడు ఎవరికైనా రెప్పలు తగ్గాలి. వీడికేమో భోజనం వేళ దగ్గరపడేకొద్దీ పెరుగుతున్నాయి! మా గైడ్ గారు "చూశారా, అలసట మొదలైంది" అని సంబరపడ్డారు. వీడియో పక్కన పెట్టుకుని చూస్తే, వాడు మాటిమాటికీ మానిటర్ పైనున్న గోడ గడియారం చూస్తున్నాడు. మెస్‌లో చికెన్ అయిపోతుందని వాడి టెన్షన్.

కార్నియా ప్లస్ కాబట్టి చూపు పైకెత్తితే సిగ్నల్ లేస్తుంది. రెప్ప వేసినా లేస్తుంది, ఎందుకంటే కార్నియా మీదుగా జారే రెప్ప ఆ ప్లస్‌ను పై ఎలక్ట్రోడ్‌కి చేరవేస్తుంది. అయితే చూపుది మెట్టు, కళ్లు దించేదాకా అక్కడే ఉంటుంది. రెప్పపాటు సూదిగా లేచి 100-400 మిల్లీసెకన్లలో దిగిపోతుంది. బేస్‌లైన్ (కన్ను కదలనప్పుడు సిగ్నల్ ఉండే గీత) నీట్‌గా ఉంటుందని 1 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (నెమ్మదిగా మారేవాటిని తీసేసే ఫిల్టర్) వేస్తే మెట్టు కూడా కరిగి రెప్పపాటులాగే కనబడుతుంది. రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చేవాళ్ల కోడ్‌లో ఎప్పుడు చూసినా ఇదే గోల. 0.1 పెట్టండి, బేస్‌లైన్ కాస్త జారితే జారనివ్వండి.

ఇదంతా చెబితే "కెమెరా పెట్టొచ్చుగా" అంటారు. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాకి 150 మిల్లీసెకన్ల రెప్పపాటులో దొరికేది నాలుగైదు బొమ్మలు. 250 హెర్ట్జ్ ఈఓజీలో 37 పాయింట్లు వస్తాయి. నిద్రమత్తు పట్టుకోవాలంటే సగం ఎత్తు దగ్గర వెడల్పు కొలవాలి, మత్తులో రెప్ప నెమ్మదిగా వాలి నెమ్మదిగా లేస్తుంది. నాలుగు బొమ్మలతో అదేం కొలుస్తారు?

థ్రెషోల్డ్ కావాల్సిందే అంటే ఆ మనిషి మొదటి కొన్ని నిమిషాల్లో మామూలుగా వేసిన రెప్పల ఎత్తు మీడియన్ (వరుసగా పేరిస్తే మధ్యలో వచ్చే విలువ) తీసి, అందులో సగం పెట్టండి. అడిగి వేయించకండి, కావాలని వేసే రెప్ప మామూలు దానికంటే పెద్దగా వస్తుంది. రెప్పలు లెక్కపెడుతున్నామని కూడా పని అయ్యాకే చెప్పండి.