టెక్ సందేహాలు: నెట్ రావలసిన చోట రాకపోతే, రాకూడని చోట వస్తే

ఈసారి అన్నీ లైనక్స్ ప్రశ్నలే. "నిన్నటిదాకా బాగానే ఉంది సార్, అప్‌డేట్ చేశాక నెట్ పోయింది" అనే ఉత్తరం ప్రతి వారం ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంది. కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

ప్రశ్న: మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో పాత కంప్యూటరుకు ఉబుంటు లైనక్స్ వేయించాం. యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఏడాదిగా పనిచేస్తోంది. మొన్న అప్‌డేట్ చేసిన తర్వాత వైఫై గుర్తే కనపడటం లేదు. ఈ-వే బిల్లు తీయలేక లోడు లారీ గేటు దగ్గరే ఆగింది. డాంగిల్ మార్చాలా, మళ్లీ విండోసే వేయించుకోవాలా? (చీమకుర్తి)

రెండూ వద్దు. ముందు లారీని పంపించండి. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు దాని కోసం విడిగా డ్రైవరు వేయాల్సిన పని లేదు. బిల్లు తీశాక కంప్యూటరును రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌ను (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ముఖ్య ప్రోగ్రామ్) ఎంచుకోండి. దాంతో వైఫై వస్తే మీ డాంగిల్ చెడిపోలేదన్నమాట.

మీకు సిస్టమ్ వేసినాయన డ్రైవరును కెర్నల్ బయటి నుంచి తెచ్చి పెట్టారు. అలాంటి డ్రైవరు కెర్నల్ మారిన ప్రతిసారీ కొత్తగా కంపైల్ కావాలి, అంటే సోర్సు కోడ్ నుంచి మళ్లీ తయారు కావాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఆ పని దానంతటదే చేస్తుంది. కానీ కొత్త కెర్నల్‌లో ఏదో ఒక ఫంక్షన్ మారితే చాలు, పాత సోర్సు కంపైల్ కాకుండా ఆగిపోతుంది. ఉబుంటు 22.04 డెస్క్‌టాప్ 5.15 కెర్నల్‌తో మొదలై మామూలు అప్‌డేట్ల మీదే 6.8 దాకా వచ్చింది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని డ్రైవరు అన్ని కెర్నల్ వెర్షన్లను ఎలా తట్టుకుంటుంది?

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి. డాంగిల్ ఉన్న వరుసలో మధ్యలో కోలన్‌తో నాలుగేసి అంకెలూ అక్షరాలూ కలిసిన జంట ఒకటి కనపడుతుంది. లోపలి చిప్ ఏదో కనిపెట్టేది దానితోనే. అట్టపెట్టె ఫొటో నాకు పంపితే ఏమీ చెప్పలేను. 8812ఏయూ, 8821ఏయూ రకం చిప్ అయితే మీ అదృష్టం: 6.14 వెర్షన్‌లో వాటి డ్రైవరు కెర్నల్‌లోనే ఉంది. ఉబుంటు 24.04కు మారి అప్‌డేట్లు పూర్తి చేసుకోండి. పాత డ్రైవరును మాత్రం డీకేఎంఎస్ నుంచి తీసేయాలి. లేకపోతే ఒకే డాంగిల్ కోసం రెండు డ్రైవర్లు కొట్టుకుంటాయి.

ఇక్కడ మీ ప్రశ్న పక్కనపెట్టి ఈ డాంగిళ్ల గురించి చెప్పాల్సింది ఉంది. పెట్టె మీద అదే పేరు, అదే మోడల్ నంబరు. ఏడాది తిరిగేసరికి లోపల వేరే చిప్. కొన్నవాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు. కొన్నయితే తగిలించగానే తాము సీడీ డ్రైవ్‌లమని చెప్పుకుంటాయి, అందులో విండోస్ డ్రైవరు తప్ప మరొకటి ఉండదు. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే సాఫ్ట్‌వేర్ వాటికి సంకేతం పంపితేగానీ అవి వైఫై పరికరాలుగా మారవు. కొన్నవాళ్లను ఇన్ని తిప్పలు పెట్టే తయారీదారుకు డ్రైవరును కెర్నల్‌లోకి పంపి, ఆ తర్వాత దాన్ని చూసుకునే మనిషిని పెట్టడానికి మాత్రం చేతులు రావు.

వాడేవాళ్లదీ తప్పుంది. వైఫై రాకపోతే ఎక్కడో దొరికిన స్క్రిప్ట్‌ను సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, నడిపేస్తారు. కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌లో కలిసిపోయే డ్రైవరు) అంటే యంత్రం మీద పూర్తి పెత్తనం. అందులో ఏముందో చదవకుండా వేసుకుంటే మీ బ్యాంకు పాస్‌వర్డ్ కూడా దాని చేతికి ఇచ్చినట్టే. పైగా "కీ తిరస్కరించబడింది" అనే ఎర్రర్ రాగానే సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) ఆపేసేవాళ్లు ఎందరో. మాడ్యూల్‌కు సంతకం చేయడానికి ఉబుంటు మీ చేత ఒక పాస్‌వర్డ్ పెట్టిస్తుంది, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో దాన్ని కొట్టమంటుంది. రెండు నిమిషాల పని. ఆ తెర చూసి బెదిరి ఎంటర్ కొట్టేసి దాటిపోకండి.

ప్రశ్న: మా సెంటర్‌లో లైనక్స్ పెట్టెనే రూటర్‌గా వాడుతున్నాం. కొన్ని సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, కొన్ని ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటాయి. పింగ్ బాగానే వస్తోంది. (కావలి)

మీది పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి) కనెక్షన్ అయ్యుంటుంది. ఈథర్‌నెట్ ప్యాకెట్ హద్దు 1500 బైట్లు, పీపీపీఓఈ అందులో 8 తినేస్తుంది, మిగిలేది 1492. మామూలు పింగ్ చిన్న ప్యాకెట్ కాబట్టి దాటిపోతుంది. ముక్కలు చేయవద్దన్న ఆప్షన్‌తో, హెడర్లు పోను 1464 సైజు పింగ్ కొట్టి చూడండి, తర్వాత 1472. మొదటిది వెళ్లి రెండోది పోకపోతే రోగం అదే. ఫార్వర్డ్ అయ్యే టీసీపీ కనెక్షన్లకు ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పెట్టే డేటా హద్దు) దారి ఎంటీయూకు (ఆ దారిలో పట్టే ప్యాకెట్ హద్దు) సరిపెట్టే రూలు ఎన్ఎఫ్ టేబుల్స్ అనే లైనక్స్ ఫైర్‌వాల్‌లో ఒక్కటి రాస్తే సరి. సెక్యూరిటీ పేరు చెప్పి ఐసీఎంపీ (పింగ్, ఎర్రర్ కబుర్లు నడిచే ప్రోటోకాల్) మొత్తం ఆపేసి ఉంటే మాత్రం ఆ పని వెంటనే మానండి. "నీ ప్యాకెట్ పెద్దదైంది" అని చెప్పే కబురు వచ్చేది ఆ దారినే.

ప్రశ్న: రొయ్యల గుంటల దగ్గర చిన్న లైనక్స్ బోర్డు పెట్టించాం. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ చూడటం, ఏరియేటర్లు ఆన్, ఆఫ్ చేయడం అన్నీ ఫోన్‌లోనే. డాష్‌బోర్డు డాకర్‌లో (ప్రోగ్రామును కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. రూటర్‌లో పోర్టు తెరిచి ఇచ్చారు, యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ కూడా ఆన్ చేశారు. అయినా మా బావమరిది చెన్నైలో కూర్చుని పాస్‌వర్డ్ లేకుండానే తెరిచి చూపించాడు. ఫైర్‌వాల్ పనిచేయడం లేదా? (ఇందుకూరుపేట)

ఈ వారం వచ్చినవాటిలో నన్ను బాగా కంగారు పెట్టింది ఈ ప్రశ్నే. ఇది చదవగానే రూటర్‌లో తెరిచిన పోర్టును మూసేయండి, మిగతాది తర్వాత చదవచ్చు.

ఫైర్‌వాల్ పనిచేస్తోంది, మీ డాష్‌బోర్డుకే అది అడ్డం రావడం లేదు. డాకర్‌లో ఒక పోర్టును బయటికి పబ్లిష్ చేస్తే అది కెర్నల్ ఫైర్‌వాల్‌లో సొంతంగా రూళ్లు రాసుకుంటుంది. బయటి నుంచి వచ్చే ప్యాకెట్ చిరునామా దారిలోనే కంటైనర్‌కు మారిపోతుంది. యూఎఫ్‌డబ్ల్యూలో మీరు రాసిన రూళ్లు చూసేది యంత్రానికే వచ్చే ఇన్‌పుట్ ప్యాకెట్లను. ఇది ఫార్వర్డ్ దారిలో పోతుంది, అక్కడ డాకర్ రూళ్లదే ముందు వరస. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ అడిగితే "యాక్టివ్" అనే చెబుతుంది, ఆ పోర్టు జాబితాలో కూడా ఉండదు. వాడేవాడు నమ్మక ఏం చేస్తాడు? డాకర్ డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి రాసే ఉంది. రాసి ఉంచినంత మాత్రాన డిజైన్ మంచిదైపోదు. అడగకుండా అన్ని అడ్రసుల మీదా తెరుచుకోవడం డిఫాల్ట్‌గా పెట్టడమే అసలు తప్పు.

పోయేది ఒక వెబ్ పేజీ అయితే ఇంతగా చెప్పను. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోయి ఉంటుంది. ఆ వేళ ఎక్కడివాడో మీ పేజీలో ఆఫ్ బటన్ నొక్కితే మీరు లేచేసరికి వనామీ తేలుతుంది. మీ మీద పగ ఉన్నవాడే రావాలని లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్ అంతా గాలించి, అరవై చిల్లర ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలతోనే లక్షల కెమెరాలను, రూటర్లను లోబరచుకుంది. తెరిచిన పోర్టును వెతికేది ప్రోగ్రామే. అది ఇందుకూరుపేటో ఇస్తాంబులో చూడదు.

చేయాల్సింది ఇదీ. డాకర్‌లో పోర్టు పబ్లిష్ చేసే వరుసలో ముందు 127.0.0.1 చేర్చించండి, అప్పుడు ఆ పేజీ బోర్డు లోపలే ఉంటుంది. బోర్డులో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (రహస్య సొరంగం లాంటిది) పెట్టి, డాష్‌బోర్డును ఆ సొరంగం లోపలి అడ్రసు మీద మాత్రమే అందేలా చేయించండి. వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి కెర్నల్‌లోనే ఉంది. సరైన కీ లేకుండా తలుపు తట్టినవాడికి అది జవాబే ఇవ్వదు కాబట్టి గాలించే ప్రోగ్రాములకు అక్కడ ఏదో ఉందన్న సంగతి కూడా తెలియదు. ఫోన్‌కు వైర్‌గార్డ్ యాప్ ఉంది, క్యూఆర్ కోడ్ చూపిస్తే సెట్ అవుతుంది. దూరం నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, కీలు పెట్టించండి. అంతా అయ్యాక ఫోన్‌లో వైఫై, వైర్‌గార్డ్ రెండూ ఆపి, మొబైల్ డేటా మీద పాత అడ్రసు తెరవండి. తెరుచుకోకూడదు. మీ కనెక్షన్‌కు ఐపీవీ6 అడ్రసు ఉంటే దానితోనూ చూడండి, చాలామంది మరిచిపోయేది అదే.

ఒక మాట సెట్ చేసినాయనకు గట్టిగా చెప్పండి: నెట్ పోయినా, బోర్డు ఆగిపోయినా ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆపడానికి ఆదేశం కావాలిగానీ నడవడానికి కాదు. స్టార్టర్ దగ్గర చేత్తో తిప్పే స్విచ్ తీసేసి ఉంటే మళ్లీ పెట్టించండి.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడు. లైనక్స్ నెట్‌వర్కింగ్‌లో కొత్త ఫీచరు రాయాలని ఉంది. ల్యాబ్‌లో రెండు సిస్టమ్‌లు కలిపి వాడుకోనివ్వరు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒంగోలు)

రెండు సిస్టమ్‌లు అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఐపీ నెట్‌ఎన్ఎస్ ఆదేశంతో రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (విడి కంప్యూటర్లలా నడిచే నెట్‌వర్క్ భాగాలు) చేసి, వెథ్ జంటతో (కేబుల్ లాంటి ఉత్తుత్తి లింకు) కలపండి. ఒక్కోదానికి సొంత రూటింగ్ టేబుల్, సొంత ఫైర్‌వాల్ ఉంటాయి. మధ్యలో నెట్‌ఎమ్ అనే సాధనంతో 100 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం ప్యాకెట్ నష్టం పెట్టి, రెండు వైపులా ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ నడిపి చూడండి. కెర్నల్ సోర్సులోని సెల్ఫ్‌టెస్ట్స్ ఫోల్డర్‌లో నెట్ విభాగం పరీక్షలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. వాటిని చదివితే ఏ ఫీచరు ఎలా ప్రవర్తించాలో తెలుస్తుంది.

కొత్త ఫీచరు కంటే ముందు ఒక రిగ్రెషన్ (పనిచేస్తున్నది కొత్త వెర్షన్‌లో చెడటం) పట్టుకోండి. పైన చీమకుర్తి ఆఫీసులో జరిగినటువంటిదే, కెర్నల్ లోపలి డ్రైవరులో. పాత కెర్నల్‌లో పనిచేసి కొత్తదానిలో చెడితే గిట్ బైసెక్ట్ అనే సాధనం అనుమానించాల్సిన మార్పుల్లో ప్రతిసారీ సగం తోసేస్తుంది. మధ్యలో 14,000 మార్పులున్నా పద్నాలుగు సార్లు కంపైల్ చేసి బూట్ చేస్తే తప్పు చేసిన మార్పు దొరుకుతుంది. పనిచేస్తున్నదాన్ని చెడగొట్టకూడదన్నది ఆ ప్రాజెక్టులో గట్టి నియమం కాబట్టి, ఫలానా మార్పు అని చూపించిన ఫిర్యాదును పక్కన పడేయరు.

చిన్న తేడాను కూడా వదలకండి. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దాచిపెట్టిన దొంగదారి బయటపడింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ వల్ల. ఆయన సెక్యూరిటీ నిపుణుడు కాదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. అప్పటికింకా చాలా లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల స్టేబుల్ విడుదలల్లోకి ఆ వెర్షన్లు చేరలేదు.

ప్యాచ్‌ను (మీరు చేసిన కోడ్ మార్పును) కెర్నల్ నెట్‌వర్కింగ్ మెయిలింగ్ లిస్టుకు సాదా టెక్స్ట్ మెయిల్‌గా పంపాలి. జతపరిచిన ఫైలుగా పంపితే తిప్పి పంపుతారు. పంపేముందు తప్పులు వెతికే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడపండి. తప్పు దిద్దే ప్యాచ్ అయితే సబ్జెక్టులో నెట్ అని పెట్టి ఎప్పుడైనా పంపవచ్చు, ఏ పాత మార్పు వల్ల తప్పు వచ్చిందో ఫిక్సెస్ వరుసలో రాయాలి. కొత్త ఫీచరు అయితే నెట్-నెక్స్ట్ అని పెట్టాలి, మెర్జ్ విండో (కొత్త కెర్నల్‌లోకి మార్పులు కలిపే కాలం) నడిచే రెండు వారాలూ దాన్ని తీసుకోరు. ఒక రోజు లోపల రెండోసారి పంపవద్దు. చూసేవాళ్లకు కనీసం 24 గంటలు ఇవ్వాలన్నది అక్కడి నియమం.