రూపాయలే కాదు, రోజులూ సరిచూడు

చి. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఉద్యోగంలో నీకు జీతాల పట్టీ అప్పగించారని తెలిసి సంతోషించాను. నా సర్వీసు అంతా ఆ పని మీదే గడిచింది కాబట్టి నువ్వు అడిగినవాటికి వివరంగానే రాస్తున్నాను. మీ రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళకు కిలోల లెక్కన కూలి. ఒక నెల ఇరవై రోజుల పని, ఇంకో నెల పదకొండు రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం గనుక ఆ మధ్యలో పని దాదాపు ఉండదు. ఈ హెచ్చుతగ్గుల బాధ లేకుండా ఏడాదికి సగటు తీసి పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) చందాలు నెలనెలా ఒకే మొత్తం కట్టేయమని మీ మేనేజరు గారు అన్నారని రాశావు. అలా కట్టకూడదమ్మా. పీఎఫ్‌కైనా ఈఎస్‌ఐకైనా లెక్క ఏ నెలకు ఆ నెలదే. ఆ నెల కూలి ఎంతో దాని మీదే కోత, దాని మీదే యాజమాన్యం వాటా.

ఒక ఉదాహరణ చూడు. జూన్‌లో ఒకామె 11 రోజులు పని చేసింది, కిలోల లెక్క కట్టగా 5,060 రూపాయలు వచ్చాయి. పీఎఫ్‌కు ఆమె వాటా 12 శాతం, అంటే 607 రూపాయలు. యాజమాన్యమూ అంతే వేయాలి. యాజమాన్యం వేసినదాంట్లోంచి కూలి మీద 8.33 శాతం, అంటే 421 రూపాయలు పింఛను పథకానికి పోతాయి, మిగిలిన 186 ఆమె పీఎఫ్ ఖాతాలో చేరతాయి. ఈఎస్‌ఐకి ఆమె వాటా 0.75 శాతం. లెక్క కడితే 37 రూపాయల 95 పైసలు వస్తుంది, పైసలుంటే పై రూపాయికి తేవాలి కాబట్టి 38. యాజమాన్యం వాటా 3.25 శాతం. జూలైలో అదే మనిషి 20 రోజులకు 9,200 సంపాదిస్తే ఆమె పీఎఫ్ 1,104, ఈఎస్‌ఐ 69. పీఎఫ్‌కు 2014 సెప్టెంబరు నుంచి ఉన్న 15,000 పరిమితి గానీ, ఈఎస్‌ఐకి 2017 జనవరి నుంచి ఉన్న 21,000 పరిమితి గానీ నెల వేతనానికే వర్తిస్తాయి. మీ షెడ్డులో ఆ గీత దాటేవాళ్ళు తక్కువ కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

పొరపాటు జరిగే చోటు ఇంకొకటి ఉంది. రోజు సగటు కూలి 176 రూపాయలు మించనివాళ్ళకు ఈఎస్‌ఐలో కార్మికుల వాటా కోయరు, యాజమాన్యం వాటా మాత్రం కట్టాలి. ఆ సగటు తీయడానికి కొందరు నెల కూలిని 30తో భాగిస్తారు. పైన చెప్పిన 5,060ని 30తో భాగిస్తే 168 పైచిలుకు వస్తుంది, ఆమెకు కోత లేదని పట్టీలో రాసేస్తారు. భాగించాల్సింది కూలి ఇచ్చిన రోజులతో. 11తో భాగిస్తే 460. ఆమె వాటా కట్టాల్సిందే.

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టీలో రూపాయల గడి పక్కన రోజుల గడి ఉంటుంది. రూపాయలు తేడా వస్తే చలానా కుదరదు గనుక అందరూ పట్టించుకుంటారు. రోజులు తేడా వస్తే ఆ పూట ఎవరికీ ఏమీ కాదు. ఆ తేడా నెలల తర్వాత జ్వరంతో మంచాన పడిన మనిషి మీద పడుతుంది.

ఈఎస్‌ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం. దాని ఫలితం మరుసటి జనవరి నుంచి జూన్ దాకా అందుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే జబ్బు చేసినప్పుడు నగదు భృతి వస్తుంది. అది రోజు సగటు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. 78కి ఒక్క రోజు తగ్గినా రాదు. మీ వాళ్ళకు నిషేధం పడేది సరిగ్గా ఈ ఏప్రిల్ - సెప్టెంబరు కాలంలోనే. ఏప్రిల్‌లో 12, మే సున్నా, జూన్‌లో 11, జూలైలో 20, ఆగస్టులో 17, సెప్టెంబరులో 16 అనుకో. మొత్తం 76. భృతి లేదు. కానీ ఆగస్టు 15కూ, వినాయక చవితికీ మీ యాజమాన్యం జీతంతో సెలవు ఇచ్చి ఉంటే ఆ రెండూ రోజులే. జీతం ఇచ్చిన ప్రతి సెలవూ రోజుల గడిలో చేరాలి. అవి కలిపితే 78. ఫిబ్రవరిలో ఆమె మంచాన పడితే రోజుకు 322 రూపాయలు చేతికి వస్తాయి. పని చేసిన రోజులు తక్కువైనా సగటును కూలి ఇచ్చిన రోజులతోనే తీస్తారు కాబట్టి భృతి 460కే కడతారు, తగ్గించరు. అరపూట పనులు వచ్చినప్పుడు మొత్తం పన్నెండున్నర రోజులైతే పోర్టల్‌లో 13 అని వేయాలి, 12 అని కాదు.

ప్రసూతి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. అంతకు ముందరి రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉంటే 26 వారాల వరకు పూర్తి వేతనం వస్తుంది. మీ షెడ్డులో ఉన్నది పెళ్ళయిన అమ్మాయిలే ఎక్కువని రాశావు. ఎవరైనా కడుపుతో ఉన్నామని చెప్పిన రోజునే ఆమె రోజులు లెక్కపెట్టి చూడు. తగ్గేలా ఉంటే ముందే తెలుస్తుంది, పని పంచేటప్పుడు ఆమెను గుర్తుంచుకోమని మేస్త్రికి చెప్పవచ్చు.

మే నెలలో ఏం చేయాలో కూడా అడిగావు. పని లేదు, కూలి లేదు కాబట్టి చందా లేదు. పట్టీలోంచి పేరు మాత్రం తీసేయవద్దు. ఈఎస్‌ఐ పోర్టల్‌లో సున్నా రోజులు వేస్తే కారణం అడుగుతుంది. అక్కడ ‘నో వర్క్’ అనే ఎంపిక ఉంది, ‘లెఫ్ట్ సర్వీస్’ అనే ఎంపికా ఉంది. తొందరలో రెండోది నొక్కితే ఆమె ఉద్యోగం మానేసినట్టు నమోదవుతుంది. పీఎఫ్‌లోనూ అంతే. ఈసీఆర్‌లో, అంటే నెలనెలా పీఎఫ్‌కు పంపే పట్టీలో, వేతనం సున్నా వేసి, కూలి పడని రోజులను వాటికోసం ఉన్న ఎన్‌సీపీ గడిలో చూపాలి. నిషేధం రాగానే అందరికీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానిన తేదీ) వేసి, జూన్‌లో మళ్ళీ కొత్తగా చేర్చుకునే పద్ధతి కొన్ని షెడ్డుల్లో ఉంది. నాకు అది ఎంత మాత్రం నచ్చదు. ఎగ్జిట్ పడగానే డబ్బు తీసుకునే ఆలోచన వస్తుంది. పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ సర్వీసు పోయినట్టే. నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ళ సర్వీసు కావాలి, ప్రతి వేసవిలోనూ తెగిపోతూ ఉంటే ఆమె ఆ పదేళ్ళను ఎప్పటికి చేరుతుంది? పైగా రోల్సులో పేరు ఉండగా మనిషి పోతే కుటుంబానికి పీఎఫ్ బీమా డబ్బు వస్తుంది. మే నెలలో పేరు కొట్టేస్తే ఆ ఇంటికి దాన్ని దూరం చేసినట్టే.

"ఎగుమతిదారు బిల్లు ఇంకా రాలేదు, కూలే ఇవ్వలేదు, చందా ఎలా కడతాం" అనే మాట నువ్వు తప్పక వింటావు. చందా పడేది ఇవ్వాల్సిన కూలి మీద. జూలై పనికి జూలై చందా, అది ఆగస్టు 15 లోపు కట్టాలి. ఆలస్యమైతే ఏటా 12 శాతం వడ్డీ, దానికి తోడు జరిమానా. ఇంకో సంగతి కూడా గట్టిగా పట్టుకో. జూలైలో కోయడం మరిచిన కార్మికుల వాటాను అక్టోబరు కూలిలోంచి కోయకూడదు. ఏ నెల వాటా ఆ నెల కూలిలోంచే కోయాలి, తప్పితే అది యాజమాన్యం భరించాలి. ఒకేసారి మూడు నెలల కోత పడితే ఆ ఇంట్లో బియ్యానికి కూడా డబ్బు మిగలదు. మేనేజరు గారికి కోపం వచ్చినా సరే, ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గవద్దు.

కొత్తగా వచ్చినవాళ్ళను చేరిన రోజునే నమోదు చెయ్యి. "నాలుగు రోజులు చూద్దాం, ఉంటుందో లేదో" అంటారు. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే ఈఎస్‌ఐ భృతికి 78 రోజుల నిబంధన లేదు, మొదటి రోజు నుంచే హక్కు, కూలిలో 90 శాతం. యంత్రంలో వేలు నలిగిన తర్వాత నమోదు చేస్తే మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఆమెను చూస్తారేమో గానీ, ప్రమాదానికి ముందు ఆమె ఎందుకు లేదని అధికారులు మిమ్మల్ని అడుగుతారు. రోజు కూలీ అనీ, కిలోల కూలీ అనీ తేడా లేదు. ఇరవై మంది ఉన్న చోట పీఎఫ్, పది మంది ఉన్న చోట ఈఎస్‌ఐ.

నమోదు చేసేటప్పుడు ఆమె సొంత ఫోను నంబరే ఇవ్వాలి. మేస్త్రి నంబరు ఇచ్చేస్తారు, ఆ మేస్త్రి ఇంకో షెడ్డుకు వెళ్ళిపోయాక ఓటీపీ ఎవరికి వస్తుందో తెలియక ఆ తల్లి మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. ఆధార్‌లో పేరు ఎలా ఉందో యూఏఎన్‌లో (ఆమె పీఎఫ్ ఖాతా నంబరు నమోదులో) అక్షరం అక్షరం అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, డబ్బు ఆగిపోయేది అక్కడే.

కూలిని రెండుగా చీల్చి సగం కూలి అనీ, సగం దారి ఖర్చు అనీ రాయమంటే ఒప్పుకోవద్దు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. 2025 నవంబరు 21న పాత పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టాల స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చాక, వేతనంలో కలపని అలవెన్సులు మొత్తంలో సగం మించితే ఆ మించినదాన్ని వేతనంగానే లెక్కిస్తారు. పాత చట్టం కింద ఓవర్‌టైం పీఎఫ్‌కు కలిపేవాళ్ళం కాదు, ఈఎస్‌ఐకి కలిపేవాళ్ళం. ఇప్పుడు వేతనం నిర్వచనం మారింది కాబట్టి మీ షెడ్డులో ఓవర్‌టైం ఉన్న నెలలో పట్టీ వేసే ముందు తాజా సర్క్యులర్ తెరిచి చూడు, పాత ఫైలు చూసి వేయవద్దు.

ఈ వారం ఒక పని చెయ్యి. గత చందా కాలం హాజరు పట్టీలు తీసి, పోర్టల్‌లో పడిన రోజులతో పేరు పేరునా సరిపోల్చు. 70 నుంచి 77 మధ్య ఆగినవాళ్ళ పేర్ల పక్కన గుర్తు పెట్టు. వాళ్ళకు జీతంతో ఇచ్చిన సెలవులు కలిపారో లేదో చూడు. తేడా దొరికితే మేనేజరు గారి సంతకంతో ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకు కాగితం మీద రాసి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఆదివారం గాజువాక వస్తున్నాను, ఆ పట్టీల నకళ్ళు ఇంట్లో ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ