లిమిట్ పెంచే ముందు ఆ ప్రాసెస్‌ని అడుగు

అమ్మడూ,

లినక్స్ మీద నడిచే నీ సర్వీస్ లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" వస్తోందని, యూలిమిట్ కమాండ్‌తో తెరవగల ఫైళ్ల హద్దుని లక్షకు పెంచినా ఆగడం లేదని రాశావు. ఆగదు మరి. నువ్వు పెంచింది నీ టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే షెల్‌కి, ఇకమీదట దాని కింద పుట్టే ప్రాసెస్‌లకి, అంటే నడిచే ప్రోగ్రాములకి. నీ సర్వీస్ ఎప్పుడో పుట్టింది. పుట్టేటప్పుడు తల్లి ప్రాసెస్ నుంచి తెచ్చుకున్న హద్దులతోనే నడుస్తోంది.

కాబట్టి ఊహలు మాని, ప్రాసెస్ నంబర్ పట్టుకో. ప్రాక్ డైరెక్టరీలో ఆ నంబర్ ఫోల్డర్‌కి వెళ్లి లిమిట్స్ అనే ఫైలు చదువు. "మ్యాక్స్ ఓపెన్ ఫైల్స్" ఎదురుగా సాఫ్ట్, హార్డ్ అని రెండు అంకెలుంటాయి. ఈమధ్య లినక్స్‌లో చాలాచోట్ల అవి 1024, 524288. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ అడ్డుకునేది సాఫ్ట్ దగ్గరే. హార్డ్ దాకా ప్రోగ్రామ్ తనంతట తానే పెంచుకోవచ్చు. హార్డ్‌ని మాత్రం మామూలు యూజర్ ఒకసారి తగ్గిస్తే మళ్లీ పెంచలేడు, అన్ని అధికారాలున్న రూట్ యూజర్ కావాల్సిందే.

లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్లో రాయమని నెట్‌లో సగం మంది చెబుతారు. అది లాగిన్ అయ్యేవాళ్ల కోసం, లాగిన్ సంగతి చూసుకునే ప్యామ్ చదివే ఫైలు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ నేరుగా లేపే సర్వీస్ ఆ దారిన రాదు. దానికి యూనిట్‌లో, అంటే ఆ సర్వీస్ సెట్టింగుల ఫైల్లో, లిమిట్‌నోఫైల్ అని రాసి రీస్టార్ట్ చెయ్యాలి. రీస్టార్ట్ కుదరని టైమ్‌లో పీఆర్‌లిమిట్ అనే కమాండ్ ఉంది. నడుస్తున్న ప్రాసెస్‌కే హద్దు మార్చేస్తుంది. 2010లో వచ్చిన 2.6.36 కెర్నల్ నుంచి ఈ సౌకర్యం ఉంది.

అసలు సంగతి ఇది: ఎందుకు నిండుతోంది? అదే ఫోల్డర్‌లో ఎఫ్‌డీ (ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచిన ఫైలుకి ఇచ్చే నంబర్) అని ఇంకో డైరెక్టరీ ఉంటుంది, ఎల్‌ఎస్ మైనస్ ఎల్ కొట్టు. తెరిచి ఉన్న ప్రతి ఫైలూ, ప్రతి సాకెట్టూ (నెట్‌వర్క్ కనెక్షన్ కొస) ఒక్కో వరసగా కనిపిస్తాయి. పది నిమిషాలాగి మళ్లీ లెక్కపెట్టు. రాత్రి ట్రాఫిక్ లేనప్పుడు కూడా లెక్క పెరుగుతూనే ఉంటే, ఎవరో తెరిచి మూయడం మరిచారు. అప్పుడు లిమిట్ పెంచడమంటే కుళాయి కట్టకుండా పెద్ద తొట్టి కొనడమే. నిజంగానే కనెక్షన్లు ఎక్కువైతే పెంచు, తప్పు లేదు.

అలాగని ఇన్ఫినిటీ పెట్టకు. ఏ ఫైలు సిద్ధంగా ఉందో కెర్నల్‌ని అడిగే పాత సెలెక్ట్ కాల్ 0 నుంచి 1023 వరకు ఉన్న ఎఫ్‌డీ నంబర్లనే మోయగలదు. దాటితే ప్రోగ్రామ్ మెమరీలోని డేటా పాడవుతుంది. సాఫ్ట్ ఇంకా 1024 దగ్గరే ఉండటానికి ఇదే కారణం. మొదలవగానే లిమిట్ దాకా ఉన్న నంబర్లన్నీ ఒక్కొక్కటిగా మూసే ప్రోగ్రాములూ ఉన్నాయి. హద్దు కోట్లలో ఉంటే అక్కడే కూర్చుండిపోతాయి.

మిగతావి క్లుప్తంగా. ప్రాసెస్‌ల సంఖ్య మీద లిమిట్ యూజర్ మొత్తానికి, థ్రెడ్లతో (ఒకే ప్రాసెస్ లోపల సమాంతరంగా నడిచే పనులతో) సహా లెక్క. రూట్‌కి వర్తించదు. సీపీయూ లిమిట్ సెకన్లలో ఉంటుంది, శాతంలో కాదు. వాడే ర్యామ్‌కి హద్దు పెట్టాల్సిన యూలిమిట్ మైనస్ ఎమ్ లినక్స్‌లో ఇప్పుడు ఉత్త అలంకారం. మైనస్ వీ అడ్రస్ స్పేస్‌ని, అంటే నిజంగా వాడే మెమరీని కాక రిజర్వ్ చేసుకున్న చిరునామాలని, కొలుస్తుంది కాబట్టి వాటిని ముందే ఎక్కువ పట్టుకునే జావా ఊరికే చచ్చిపోతుంది. మెమరీకి సీగ్రూప్‌లే (ప్రాసెస్‌ల గుంపుకి హద్దు పెట్టే కెర్నల్ సౌకర్యం) దిక్కు. యూనిట్‌లో మెమరీమ్యాక్స్ రాయి.

ఆ ఎఫ్‌డీ లిస్టు రెండుసార్లు తీసి నాకు పంపు. సాకెట్లే పేరుకుంటున్నాయా, లాగ్ ఫైళ్లా అన్నది చూసి, కోడ్‌లో ఎక్కడ వెతకాలో చెబుతాను.

మీ పెదనాన్న