సిగ్నల్ లేని బడిలో డిజిటల్ పాఠం

నమస్తే మేడమ్. ఉదయగిరి దగ్గర మీ బడిలో సిగ్నల్ అందక పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ వీడియోలు మధ్యలో ఆగిపోతున్నాయని, పిల్లల ముందు తడబడుతున్నానని రాశారు. నెట్ మీద ఆధారపడటం మానేయండి, సగం భయం పోతుంది. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలో రేపటి వీడియోని రాత్రే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేకున్నా ఆడుతుంది.

నన్నడిగితే వీడియో కంటే ఫెట్ సిమ్యులేషన్లే మేలు, అంటే తెర మీద విలువలు మార్చి చూసే ప్రయోగాలు. వాటిని అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టింది, ఉచితం. ఫైలు దింపుకుని ల్యాప్‌టాప్‌లో తెరిచి, హెచ్‌డీఎంఐ వైరుతో తరగతిలోని ప్యానెల్‌కి, అంటే ఆ పెద్ద డిజిటల్ తెరకి కలపండి. పదో తరగతి ఓమ్ నియమానికి, బ్యాటరీ వోల్టేజీ రెట్టింపు చేసేముందు ఒక్క నిమిషం ఆగండి. "కరెంటు ఎంతవుతుందిరా?" అని అడిగి, అందరిచేతా నోటుబుక్కులో రాయించండి. అప్పుడు మార్చి చూపండి. తర్వాత నిరోధం రెట్టింపు చేస్తే కరెంటు సగమవుతుంది. అక్కడే వాదులాట మొదలవుతుంది, పాఠం వాళ్ల చేతికొస్తుంది.

నేనూ మొదటి రెండేళ్లు ప్యానెల్‌ని నల్లబల్లలాగే వాడాను. పిల్లల్ని ఊహించమని అడగడం మొదలెట్టాకే అది నాకు పనికొచ్చింది. ఇక వైర్లు కలపడమంటారా, ఆ పని తెలిసిన పిల్లలిద్దరికి అప్పజెప్పండి, అందులో చిన్నతనమేమీ లేదు. ముందు వారానికి ఒక్క పాఠం చాలు మేడమ్.