జీడిపప్పు బదులు వాల్‌నట్ వేస్తే సాస్ ఎందుకు విరుగుతుంది?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. జీడిపప్పు ముద్దతో ఎప్పుడూ కుదిరే సాస్‌లో అంతే బరువు వాల్‌నట్ వేస్తే నూనె వేరు, నీళ్లు వేరు అయి, పైగా చేదెక్కింది. కేక్ కోసం బాదం పొడి చేయబోతే మిక్సీలో ముద్దయింది. ఇక ఏ నట్ బదులు ఏది వేయొచ్చో పట్టిక ఇమ్మన్నారు. పట్టిక మాత్రం ఇవ్వను. కప్పుకు కప్పు మార్చుకోవచ్చని చెప్పే పట్టికల వల్లే ఈ తిప్పలన్నీ. మార్చే ముందు చూసుకోవాల్సినవి మూడు: నూనె ఎంత, స్టార్చ్ (పిండిపదార్థం) ఎంత, పొట్టు సంగతేమిటి.

100 గ్రాముల పప్పులో నూనె సుమారుగా ఇలా ఉంటుంది: మెకడామియాలో 75 గ్రాములు, పీకాన్‌లో 72, వాల్‌నట్‌లో 65, హేజెల్‌నట్‌లో 60, బాదంలో 50, వేరుశెనగలో 49, పిస్తాలో 45, జీడిపప్పులో 44. చెస్ట్‌నట్‌లో రెండు మూడు గ్రాములకు మించదు. అందులో సగం నీరే, మిగతాది చాలావరకు స్టార్చ్. కాబట్టి వంటలో దాన్ని దుంపగానే లెక్కేసుకోండి.

జీడిపప్పుకు మరో గుణం ఉంది. దాని బరువులో నూటికి 20 పాళ్లకు పైగా స్టార్చ్ ఉంటుంది. బాదం, వాల్‌నట్, హేజెల్‌నట్లలో స్టార్చ్ లేనట్టే లెక్క. మీ సాస్ విరగడానికి అసలు కారణం ఇదే. జీడిపప్పు ముద్ద వేడెక్కగానే స్టార్చ్ నీళ్లు పీల్చుకుని ఉబ్బి, నూనె చుక్కలను కదలనీయకుండా పట్టేస్తుంది. వాల్‌నట్‌లో నూనె దాదాపు ఒకటిన్నర రెట్లు, దాన్ని పట్టి ఉంచేదేమో లేదు. జీడిపప్పు గ్రేవీ అడుగంటడానికీ, చల్లారాక గడ్డకట్టినట్టు అవడానికీ కూడా ఆ స్టార్చే కారణం. అందుకే ఆ ముద్దను చివరి 10 నిమిషాల్లో వేసి, కలుపుతూ ఉండి, కావలసినదానికంటే కాస్త పలుచగా ఉన్నప్పుడే దించాలి.

మిగతా నట్స్‌తో చేసే పాత సాస్‌లను గమనించండి. స్పెయిన్‌లో అండలూసియా వాళ్ల అహో బ్లాంకో, కటలోనియా వాళ్ల రొమెస్కో, సిరియాలోని అలెప్పో ముహమ్మరా, తుర్కియేలో వాల్‌నట్ సాస్‌తో చేసే చెర్కెజ్ కోడి వంటకం, ఇవన్నీ ఎండు రొట్టె కలిపి చేసేవే. జీడిపప్పులో స్టార్చ్ చేసే పనిని అక్కడ రొట్టె చేస్తుంది. కాబట్టి మీకు వాల్‌నట్ సాసే కావాలంటే 100 గ్రాముల పప్పుకు 40 గ్రాముల పాత రొట్టె, పెచ్చు తీసేసి, నీళ్లలో నానబెట్టి కలిపి రుబ్బండి.

నీళ్లూ నూనే కలిసే వరస కూడా ముఖ్యం. అహో బ్లాంకోనే తీసుకుందాం, అది చల్లటి బాదం సూప్. పొట్టు తీసిన బాదం 200 గ్రాములు, రొట్టె 100 గ్రాములు, వెల్లుల్లి ఒకే ఒక్క రెబ్బ, ఆలివ్ నూనె 120 మిల్లీలీటర్లు, షెర్రీ వెనిగర్ 25, చల్లటి నీళ్లు 700, ఉప్పు ఒక చెంచా. ముందు బాదం, వెల్లుల్లి, ఉప్పు, 200 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, వేళ్ల మధ్య రాస్తే బరక తగలనంత వరకు తిప్పాలి. మూడు నిమిషాలైనా పడుతుంది. తర్వాత నానిన రొట్టె. మిక్సీ తిరుగుతుండగానే నూనెను సన్నటి ధారగా పోయాలి. మిగిలిన నీళ్లు ఆ తర్వాత, వెనిగర్ ఆఖరున. నూనె ఒక్కసారి గుమ్మరిస్తే పైకి తేలి కూర్చుంటుంది. రెండో రెబ్బ వేద్దామని అనిపిస్తుంది, వద్దు. ఫ్రిజ్‌లో రెండు గంటలుంటే ఆ ఒక్క రెబ్బ ఘాటే పెరుగుతుంది.

ఇప్పటికే విరిగిన సాస్‌ను పారేయనక్కర్లేదు. మిక్సీలో నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి తిప్పుతూ, విరిగినదాన్ని కొంచెం కొంచెంగా చేరిస్తే మళ్లీ కలుస్తుంది. ఇక్కడ చాలామందిని కంగారుపెట్టే సంగతొకటి ఉంది. నట్ బటర్‌లో కొద్దిగా నీళ్లు పడగానే అది పలుచబడకుండా బిగుసుకుపోతుంది. పప్పు నలకలు ఆ కాస్త తడికి ఒకదానికొకటి అంటుకోవడమే అందుకు కారణం. మరికొన్ని నీళ్లు పోస్తే వదులవుతుంది. బిగిసింది కదా అని నూనె పోశారో, పని చెడినట్టే.

అయితే నూనె తేలడం అన్నిచోట్లా తప్పు కాదు. ఇరాన్‌లో వాల్‌నట్, దానిమ్మ పాకంతో వండే కోడికూర ఫెసెంజాన్ కుదిరిందనడానికి గుర్తే అది. కిలో కోడిమాంసానికి 300 గ్రాముల వాల్‌నట్ తీసుకోండి. మెత్తటి పొడిలా కాదు, తడి ఇసుకలా ఉండేలా ఆడించాలి. మందపాటి గిన్నెలో 700 మిల్లీలీటర్ల నీళ్లతో కలిపి, సన్నటి సెగ మీద గంటకు పైగా ఉడకనివ్వాలి. మొదటి అరగంట లేతరంగు జావలా ఉండి, ఇదేం కూర అనిపిస్తుంది. తర్వాత మెల్లగా గోధుమరంగుకు తిరిగి, అంచుల వెంట మెరిసే నూనె కనబడుతుంది. అక్కడి వంటవాళ్లు మధ్యలో రెండు మూడు ఐస్ ముక్కలు వేస్తారు. ఉడుకు ఆగి మళ్లీ అందుకునేసరికి నూనె బాగా విడుతుందని వాళ్ల లెక్క. అప్పుడు వేయించిన ఉల్లిపాయలు, కొద్దిగా వేపిన కోడిముక్కలు, 150 మిల్లీలీటర్ల చిక్కటి దానిమ్మ పాకం వేసి మరో గంట ఉంచాలి. దానిమ్మ పాకాన్ని మొదట్లోనే పోయకండి. అందులోని చక్కెర అడుగున మాడి, కూరంతా చేదవుతుంది. పాకం పులుపు ఒక్కో సీసాలో ఒక్కో రకంగా ఉంటుంది కనుక మూడొంతుల్లో రెండొంతులు పోసి, రుచి చూసి, మిగతాది పోయండి.

ఘానా వేరుశెనగ సూప్ న్కాటెన్‌క్వాన్‌లోనూ, సెనెగల్, మాలీల్లో వండే వేరుశెనగ కూర మాఫేలోనూ ఇదే గుర్తు. లీటరు పులుసుకు 180 గ్రాముల పీనట్ బటర్. ముందు గిన్నెలో వేడి పులుసుతో పలుచగా కలుపుకుని పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. ఎర్రటి నూనె పైకి తేలేవరకు అరగంటకు పైగా ఉడకాలి. అంతకుముందే దించితే పచ్చివాసన పోదు. నూనె విడిపోకుండా హైడ్రోజినేటెడ్ కొవ్వు కలిపిన, తీపి పీనట్ బటర్ ఇందుకు పనికిరాదు. వేరుశెనగ తప్ప ఇంకేమీ లేని ముద్దే కావాలి.

అదే వాల్‌నట్‌ను జార్జియాలో పొయ్యి మీద పెట్టకుండానే సాస్ చేస్తారు. బాజే అంటారు. 200 గ్రాముల పచ్చి వాల్‌నట్, మూడు వెల్లుల్లి రెబ్బలు, ధనియాల పొడి, ఆ దేశపు నీలిపూల మెంతి పొడి చెరో చెంచా, ఎండిన బంతిరేకుల పొడి అర చెంచా, కాస్త కారం, ఉప్పు. నూనె బయటికొచ్చేదాకా నూరి, కాచి చల్లార్చిన నీళ్లు 250 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా కలిపి, చివర్లో వెనిగర్ చెంచాన్నర. నూరిన ముద్దను గుప్పిట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చటి నూనె కారుతుంది. దాన్ని విడిగా పట్టి, వడ్డించేటప్పుడు పైన చుక్కలు చుక్కలుగా వేస్తారు. ఇందులో రొట్టె లేదు, స్టార్చ్ లేదు. మరెందుకు విరగదంటే, మరిగించరు కనుక. నా మటుకు వాల్‌నట్ రుచి ఉన్నదున్నట్టు తెలిసేది ఇందులోనే.

ఇక చేదు. ఇందులో రెండు రకాలున్నాయి, మందు వేరువేరు. వాల్‌నట్ పైపొరలో టానిన్లనే వగరు పదార్థాలు ఉంటాయి. నాలుక పీక్కుపోయేలా వగరుగా ఉంటే అది పొట్టు వల్లే. మరిగే నీళ్లలో రెండు నిమిషాలుంచి వంపేస్తే నీళ్లు టీ రంగులో దిగుతాయి. తర్వాత 160 డిగ్రీల ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు ఆరబెట్టాలి. మెక్సికోలో పుయెబ్లా వాళ్లు నొగాదా సాస్ కోసం ఆ యేటి కొత్త వాల్‌నట్ పొట్టును ఒక్కొక్కటీ వలుస్తారు. పొర మిగిలితే తెల్లగా ఉండాల్సిన సాస్ మట్టిరంగుకు తిరుగుతుంది. రెండోది కనరు చేదు. పాత నూనె వాసన, గొంతులో పట్టేసే రుచి. అది నూనె చెడిపోవడం వల్ల వచ్చింది. ఉడికించినా, వేయించినా పోదు, పారేయడమే.

హేజెల్‌నట్ పొట్టుకు వంటసోడా మంచి ఉపాయం. అర లీటరు మరిగే నీళ్లలో మూడు పెద్ద చెంచాల సోడా, 150 గ్రాముల పప్పు, మూడు నాలుగు నిమిషాలు. నురగ పొంగి పొయ్యంతా పాడవుతుంది కాబట్టి పెద్ద గిన్నె పెట్టండి. నీళ్లు నల్లబడ్డాక చన్నీళ్లలో వేసి నలిపితే ఊడొస్తుంది. బాదానికి అంత అక్కర్లేదు. మరిగే నీళ్లలో ఒక్క నిమిషం చాలు. ఎక్కువసేపుంచితే పప్పు నీళ్లు తాగుతుంది, పొడి కొట్టబోతే ముద్దవుతుంది.

మీ బాదం పొడి ముద్దవడానికి ఆ తడి ఒక కారణం, మిక్సీ వేడి రెండోది. పొట్టు తీసిన పప్పును రాత్రంతా ఆరబెట్టండి. ఫ్రిజ్‌లో గంట ఉంచి, 100 గ్రాములకు మించకుండా వేయండి. వంటలో పడే చక్కెరలోంచి రెండు చెంచాలు కలిపి, ఆపి ఆపి ఒక్కో సెకను తిప్పి, జల్లించి, మిగిలిన రవ్వను మళ్లీ వేయాలి. జార్ అడుగున పొడి గోడకు అంటుకోవడం మొదలైందంటే నూనె వస్తోందన్నమాట, వెంటనే ఆపేయండి.

కేకుల్లో మార్చుకోవడం నిజానికి సులువు, లెక్క కట్టొచ్చు. ఫ్రాంజిపాన్‌కు (కేకుల్లో, టార్టుల్లో వేసి కాల్చే బాదం ముద్ద) వెన్న, చక్కెర, బాదం పొడి, గుడ్లు తలా 100 గ్రాములు. బాదం బదులు పీకాన్ వేస్తే నూనె 22 గ్రాములు ఎక్కువ పడుతుంది, కనుక వెన్న 20 గ్రాములు తగ్గించండి. వాల్‌నట్ అయితే 15. తగ్గించకపోతే కేకు అడుగు జిడ్డోడుతుంది.

వేయించడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బాణలి కన్నా ఓవెన్ నయం: 160 డిగ్రీల దగ్గర బాదం, హేజెల్‌నట్ 12 నుంచి 15 నిమిషాలు, వాల్‌నట్, పీకాన్ 8 నుంచి 10, పైన్ నట్స్ 5. పైరంగు చూసి మోసపోకుండా ఒక పప్పును సగానికి కోసి, లోపల లేత గోధుమరంగు వచ్చిందో లేదో చూడండి. దించాక కూడా ట్రే వేడికి వేగుతూనే ఉంటాయి, కాబట్టి వేరే పళ్లెంలోకి మార్చాలి. ఉప్పు అంటాలంటే చెంచా ఉప్పును రెండు పెద్ద చెంచాల వేడినీళ్లలో కరిగించి, వేయించకముందే కలపాలి. చెస్ట్‌నట్‌ను మాత్రం గాటు పెట్టకుండా ఓవెన్‌లో పెట్టొద్దు, పేలుతుంది.

నట్స్ మార్చి వండినప్పుడు తినేవాళ్లకు ముందే చెప్పండి. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు, వాల్‌నట్ పడనివాళ్లకు పీకాన్ కూడా అంతే. బూజు పట్టినవీ, రంగు మారి ముడుచుకుపోయినవీ ఏరి పారేయాలి. వాటిలో ఉండే అవకాశమున్న అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం మామూలు వంట వేడికి పూర్తిగా పోదు. మిగిలినవి గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెలల తరబడి బాగుంటాయి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే పప్పు మీద చెమ్మ పడుతుంది.