నైట్రస్ పెట్టుకునే మేనల్లుడికి

చి. కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నీ మస్టాంగ్‌కి ఇంజన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ వదిలి బలం పెంచే కిట్ కొన్నావని, 125 షాట్‌తో, అంటే 125 హార్స్‌పవర్ అదనంగా వచ్చేలా మొదలుపెడతావని అక్కయ్య చెప్పింది. అంత వద్దు నాన్నా. 75 హార్స్‌పవర్‌కి సరిపడే జెట్లు (గ్యాస్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) చాలు. ఈ సీజనంతా వాటితోనే నడుపు.

ఎందుకంటున్నానో విను. నైట్రస్ మండదు. ఇంజన్ సిలిండర్ వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, అంతే. ఆ ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోలు అదే క్షణంలో పడాలి. పడలేదా, పిస్టన్ కరుగుతుంది. నా పాత కారుకి జరిగింది అదే. పెట్రోలు పంపు బలహీనంగా ఉందని నాకు తెలియదు, ఫ్యూయల్ ప్రెజర్ స్విచ్ తర్వాత పెడదాంలే అనుకున్నాను. మూడో గేరులో బటన్ నొక్కాను. టింగ్ టింగ్‌మని రెండు సెకన్లు చప్పుడు, ఆ తర్వాత సైలెన్సర్ నుంచి నీలం పొగ. విప్పి చూస్తే ఐదో పిస్టన్ అంచు లేదు. ఆ రాత్రి గరాజ్‌లో కూర్చుని చాలా బాధపడ్డాను.

అందుకే గ్యాస్ చిమ్మే నాజిల్ కంటే ముందు ఆ స్విచ్ పెట్టు. పెట్రోలు ఒత్తిడి పడిపోతే అదే నైట్రస్‌ని ఆపేస్తుంది. దానితోపాటు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే పనిచేసే స్విచ్, 3,000 ఆర్‌పీఎం దాటాకే తెరిచి ఇంజన్ గరిష్ఠ వేగం, అంటే రెడ్‌లైన్‌కి ముందే మూసే విండో స్విచ్ కూడా. తక్కువ ఆర్‌పీఎంలో కొడితే ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో పెట్రోలు నిలిచి, మంట వెనక్కి తన్నుతుంది.

ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్ సంగతికొస్తే, ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీలు వెనక్కి తీయాలని మావాళ్ల లెక్క. నీకు 3 చాలు. ప్లగ్గులు ఒక స్టెప్ చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 0.035 అంగుళానికి మించకుండా. ట్యాంకులో ఎప్పుడూ 93 ఆక్టేన్ పెట్రోలు.

బాటిల్ డిక్కీలో గట్టిగా బిగించు. ఒత్తిడి పెరిగితే గ్యాస్ బయటికి పోయే గొట్టం కారు బయటికి తీసుకెళ్లు, లోపల వదలొద్దు. రన్‌కి ముందు ఒత్తిడి 900 నుంచి 1,000 పీఎస్ఐ మధ్య ఉండాలి. తక్కువైతే హీటర్ దుప్పటి వాడు. బాటిల్‌కి మంట చూపించే వాళ్లని నా కళ్లతో చూశాను, వాళ్ల దరిదాపుల్లో నిలబడకు. ఇంజన్ ఆపితే బాటిల్ వాల్వ్ కూడా మూసెయ్. గ్యాస్‌ని వదిలే కరెంటు వాల్వ్, అదే సోలెనాయిడ్, కారితే మానిఫోల్డ్ నిండిపోయి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పేలుతుంది.

రోడ్డు మీద మాత్రం బటన్ ముట్టుకోవద్దు. టెక్సాస్‌లోని ఎన్నిస్ డ్రాగ్ స్ట్రిప్ (తిన్నగా ఉండే రేసు ట్రాక్) మనకి అంత దూరమేం కాదు. మొదటి రన్ అక్కడే చేద్దాం, ముగియగానే ఇంజన్ ఆపి ప్లగ్గులు తీద్దాం. పింగాణీ మీద నల్లచుక్కలు కానీ, అల్యూమినియం మెరుపు కానీ కనిపిస్తే అవి పిస్టన్ దెబ్బతింటున్న గుర్తులు, ఆ రోజుకి రన్లు అయిపోయినట్టే.

శనివారం ఉదయం రా. ఇప్పుడున్న ప్లగ్గులు విప్పి, ఏది ఏ సిలిండర్‌దో నంబర్లు రాసి తీసుకురా. సిలిండర్ల ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ నా దగ్గరుంది.

మీ మామయ్య